అత్తగారు అడిగిన గొర్రె

మా అత్తగారి చేతులు చిన్నవి. మనిషి మాత్రం చిన్నదేం కాదు, తలుపులో నిలబడితే వెనకాల వెలుతురు కనిపించదు. కానీ చేతులు మాత్రం పదేళ్ళ పిల్లవి తెచ్చి అతికించినట్టుంటాయి. ఆ చేతుల కోసమే చుట్టుపక్కల గొర్రెలు పెంచేవాళ్ళందరికీ ఆవిడ కావాలి. ఈతలు దగ్గరపడే రోజుల్లో ఎవరి గొర్రెకు జారినా ఫోను ముందు డాక్టరుకు వెళ్ళేది కాదు, మా ఇంటికే వచ్చేది.

జారడమంటే తెలియనివాళ్ళకు చెబుతాను. ఈతకు మూడు నాలుగు వారాలు ఉందనగా కొన్ని చూడి గొర్రెలకు కడుపులో బరువెక్కువై, పిల్ల వచ్చే దారే తిరగబడి తోక కింది నుంచి బయటికి వస్తుంది. మొదట పడుకున్నప్పుడే కనిపిస్తుంది, లేస్తే లోపలికి పోతుంది. తర్వాత లేచినా పోదు. గాలికి ఎండుతుంది, గడ్డీ మట్టీ అంటుకుంటాయి, వాస్తుంది. మూత్రపు సంచి కూడా అందులోకి మడతపడితే నీళ్ళు పోవు. నీళ్ళు పోక గొర్రె ముక్కుతుంది, ముక్కేకొద్దీ ఇంకా జారుతుంది. చూస్తూ కూర్చుంటే రెండు రోజుల్లో తల్లీ పోతుంది, కడుపులో పిల్లలూ పోతాయి.

ఆవిడ పద్ధతి ఆవిడది. గొర్రెను గడ్డి మోపు మీద వెనకభాగం ఎత్తుగా ఉండేట్టు పడుకోబెట్టేవారు. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళతో కడిగేవారు. వాపు ఎక్కువుంటే గుప్పెడు చక్కెర అద్ది కాసేపు ఆగేవారు, చక్కెర నీటిని లాగేసి వాపు తగ్గిస్తుంది. ఆ తర్వాత దాన్ని అరచేతిలో కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే మడత విడిపోయి నీళ్ళు జలజలా పోయేవి. అప్పుడు మెల్లగా, వేళ్ళతో కాదు, అరచేత్తో లోపలికి. గొర్రె ముక్కినప్పుడు ఆగడం, ముక్కడం ఆపినప్పుడు నెట్టడం. అయ్యాక నవారు పట్టీతో భుజాల మీదుగా తీసుకొచ్చి తోక కింద బిగించి ఒక ముడి వేసేవారు. ఒక కొస లాగితే చాలు, మొత్తం ఊడి వస్తుంది. ఈత మొదలైతే కట్టు విప్పాలి కదా, అందుకని.

గొర్రెతో మొదలుపెట్టాను గానీ నేను చెప్పేది మా అత్తగారి ప్రాణం గురించి. ఆ జబ్బే ఆవిడకూ ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఉంది. ఒకే ఇంట్లో పదహారేళ్ళు కలిసి ఉండి నాకు తెలియలేదు. తెలియకపోవడంలో నా నోటి పాత్ర ఎంతో కూడా చెబుతాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదని మా వీధిలో కొత్తగా వచ్చిన వాళ్ళకు కూడా తెలుసు.

ఎనిమిదేళ్ళ క్రితం ఒకే కాన్పుల కాలంలో తొమ్మిది గొర్రెలకు జారింది. నాలుగు చచ్చాయి. అప్పుడు నేను పశువుల ఆఫీసుకు వెళ్ళి అడిగి, చదివి తెలుసుకున్నాను. ఒకసారి జారినదానికి మళ్ళీ జారుతుంది. దాని ఆడపిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని ఇంట్లో ఒక నియమం పెట్టాను. జారిన గొర్రె వీపు మీద ఆకుపచ్చ రంగు పూయాలి, పిల్లలు పాలు మానగానే అమ్మేయాలి, దాని ఆడపిల్లల్నీ అమ్మేయాలి. మా ఆయన సరే అన్నాడు. ఆయన ఏదైనా సరే అంటాడు, అదొక సుఖం. అత్తగారు మాత్రం, "మంచి తల్లి గొర్రెలే, పాలున్నవే" అని నసిగారు.

"జారినదాన్ని మందలో ఉంచుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే అత్తయ్యా" అన్నాను. ఆ మాట నాకే నచ్చింది. దాంతో ప్రతి ఏడూ అదే అన్నాను, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేట్టు అన్నాను.

నియమం మంచిదే. ఇప్పటికీ అదే అంటాను. నియమం వల్ల మా మందలో ఏటా ఒకటో రెండో తప్ప జారడం లేదు.

ఈ ఏడు మొదట జారింది మొండిది. కుడి చెవి సగం తెగిన గొర్రె అది, తోలితే రాదు, పిలిస్తే అసలే రాదు, అందుకని ఆ పేరు. ఒక పొద్దున మేత వేస్తుంటే పడుకుని ఉంది, తోక కింద ఎర్రగా కనిపించింది. నాకు వెంటనే పోయిన ఏడు గుర్తుకొచ్చింది. పోయిన ఏడు దీనికి నా చేత్తోనే ఆకుపచ్చ రంగు పూశాను. ఇది అమ్ముడుపోయి ఉండాలి.

"అత్తయ్యా, ఇది ఇంకా ఇక్కడెందుకుంది?"

ఆవిడ నీళ్ళ తొట్టి దగ్గర ఉన్నారు. వెనక్కి తిరగలేదు. "ఏదీ?"

"మొండిది. దీని వీపు మీది రంగేమైంది?"

"వానకు పోయిందేమో."

"మిగతావాటికి పోని రంగు దీనికొక్కదానికే పోయిందా? వాన దీని మీదే కురిసిందా?"

నేను గొర్రె దగ్గరికెళ్ళి చూశాను. వీపు మీద ఉన్ని ఒక చోట పొట్టిగా ఉంది. కత్తెరతో రంగున్న మేర కత్తిరించేశారు. అమ్మకం రోజున దాన్ని వెనక గదిలో దాచి ఉంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం అన్నానో అంతా రాయను. మీ చాదస్తానికి మందను బలిపెడతారా అన్నాను. గొర్రె మీదున్న జాలి ఇంట్లోవాళ్ళ మీద లేదన్నాను. ఆవిడ అన్నీ విన్నారు, విని, "ముందు దాన్ని లోపలికి నెడదాం రా" అన్నారు.

ఆ రోజు నెట్టింది నేను. ఆవిడ వంగలేకపోయారు. నడుం పట్టేసిందన్నారు. పక్కన నిలబడి ఎలా చెయ్యాలో చెబుతూ ఉంటే నేను చేశాను. పట్టీ కట్టాం, ఆగలేదు. సాయంత్రానికి మళ్ళీ బయటికొచ్చింది. దాంతో మర్నాడు డాక్టరును పిలిచాం.

మా పశువుల డాక్టరు పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, ఎప్పుడూ ఏదో కూనిరాగం. ఆయన మొండిదానికి నడుం దగ్గర మత్తు సూది వేసి, వెడల్పాటి టేపుతో చుట్టూ కుట్టు వేసి, విప్పడానికి వీలుగా ముడి వేశారు. "ఈత మొదలైందని అనుమానం వచ్చినా సరే ముందు ఈ ముడి విప్పండి. మర్చిపోతే పిల్ల లోపలే చస్తుంది, ఇది చీరుకుపోతుంది" అన్నారు. తర్వాత చేతులు కడుక్కుంటూ మా అత్తగారితో, "ఏంటమ్మా, మీ చేతికి కూడా లొంగని గొర్రె పుట్టిందా?" అని నవ్వారు.

అత్తగారు నవ్వలేదు. సబ్బు అందిస్తూ, "డాక్టరుగారూ, ఒక మాట అడగనా?" అన్నారు.

"అడగండమ్మా."

"ఈనడం మానేసిన గొర్రె ఒకటుంది. ఏళ్ళ తరబడి జారుతోంది. ఇన్నాళ్ళూ కట్టుతో నెట్టుకొచ్చింది. ఇప్పుడు కట్టు ఆగడం లేదు. నడిస్తే నొప్పి, పుండు పడింది. ఒక్కోసారి నీళ్ళు పోవడం లేదు. దానికేమైనా దారి ఉంటుందా?"

డాక్టరు తువ్వాలు తీసుకున్నారు. "ఈనడం మానేసిన గొర్రెనెవరైనా ఉంచుకుంటారా అమ్మా? మేత దండగ. అమ్మేయడమే."

నేను ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు. "అలా గట్టిగా చెప్పండి డాక్టరుగారూ. ఎనిమిదేళ్ళుగా మొత్తుకుంటున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు. జారినదాన్ని వదిలించుకోవాలి, అంతే. దానికి ఇంకో దారి లేదు."

"అంతేలే" అన్నారు అత్తగారు. బేసిను కడిగి గోడకు బోర్లించి, లోపలికి వెళ్ళిపోయారు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడ అడిగారు. పుండు సంగతితో సహా చెప్పి అడిగారు. మా మందలో ఈనడం మానేసిన గొర్రె ఒక్కటి కూడా లేదని నాకు తెలుసు, అలాంటిది ఏదీ ఉంచను కదా. అయినా ఆవిడ ఏ గొర్రె గురించి అడుగుతున్నారని ఒక్క క్షణం కూడా నాకు అనుమానం రాలేదు. మొండిదాన్ని ఎలాగైనా ఉంచుకోవడానికి డొంకతిరుగుడుగా ఏదో అడుగుతున్నారనుకున్నాను.

కళ్ళుంటే చాలు, చూడటానికి చాలానే ఉంది. ఆవిడ ఏడాదిగా టీ నిలబడే తాగుతున్నారు. స్నానాల గదిలోకి వెళితే అరగంటకు గానీ రారు. నీళ్ళ బకెట్లు ఎత్తడం మానేశారు, నేను దాన్ని బద్ధకమన్నాను. బయటికి ప్రయాణమంటే ఏదో వంక చెప్పి ఆగిపోయేవారు, దాన్ని పెంకితనమన్నాను. నవారు చుట్ట తీసుకొచ్చిన నెలకే సగమైపోతుంటే పక్కవాళ్ళెవరో కోసుకెళుతున్నారని దాణా గదికి తాళం వేశాను. తాళం చెవి ఇమ్మని ఆవిడ అడిగితే, ఎందుకన్నాను. ఏం లేదులే అన్నారు.

ఇది జరిగిన పదకొండో రోజు పొద్దున మా ఆయన వ్యాను వేసుకుని దాణా తేవడానికి వెళ్ళాడు. అప్పటికి ఈతలు మొదలయ్యాయి. నేను అటు చివర గదుల్లో కవల పిల్లలకు పాలు పట్టిస్తున్నాను. మొండిది ఇటు చివర, అత్తగారి కాపలాలో ఉంది. దాని పొదుగు నిండింది, ఇవాళో రేపో అని ఇద్దరికీ తెలుసు. కాపలా అంటే పెద్ద పనేం కాదు, అరగంటకోసారి వెళ్ళి చూడటం, నొప్పులు మొదలైతే టేపు ముడి విప్పడం.

నేను పని ముగించుకుని వచ్చేసరికి మొండిది పళ్ళు బిగించి ముక్కుతోంది. కుట్టు బిగుసుకుపోయి, టేపు అంచున రక్తం వస్తోంది. టేపు వెనక రెండు గిట్టలు కనిపిస్తున్నాయి. ముడి తడిసి బిగుసుకుంది, విప్పితే రాలేదు. కత్తెర పెట్టి టేపు కోసేశాను. పిల్లను లాగాను. ముక్కులో జిగురు తుడిచి గడ్డితో రుద్దితే కాసేపటికి తుమ్మింది. రెండోది దానంతటదే వచ్చింది, అది ఊపిరి తీసుకోలేదు. ఎంత రుద్దినా తీసుకోలేదు. దాన్ని పక్కన పెట్టి, చిరిగిన చోటును చూసి, డాక్టరుకు ఫోను చేశాను. చేసి, అత్తగారిని వెతుక్కుంటూ బయల్దేరాను.

చచ్చిన పిల్లను చూసిన కోపంలో ఉన్నాను. ఇంట్లో లేరు. స్నానాల గదిలో లేరు. దాణా గది తాళం ఆ పొద్దున మా ఆయన బస్తాలు లెక్క చూసుకోవడానికి తీసి అలాగే వదిలేసినట్టున్నాడు, తలుపు ఓరగా ఉంది. తోసుకుని వెళ్ళాను.

"మొండిదాన్ని చూడమని మీకప్పగిస్తే ఇక్కడ పడుకున్నారా? ఒక పిల్ల పోయింది తెలుసా?"

ఆవిడ నేల మీద ఉన్నారు. నడుం కింద ఒక బస్తా, కాళ్ళు ఇంకో బస్తా మీద. గొర్రెలను ఎలా పడుకోబెడతారో అలా. ముఖం బూడిద రంగులో ఉంది, పెదవులు ఎండిపోయాయి, ఈ చలిలో మెడంతా చెమట.

"తలుపు వెయ్యి" అన్నారు. "మెల్లగా మాట్లాడు."

తలుపు వేశాను. పక్కన నవారు కట్టు విప్పి పడి ఉంది. అదే వెడల్పు, అదే ముడి, ఒక కొస లాగితే ఊడే ముడి. మధ్యలో మెత్తటి పాత గుడ్డ మడిచి కుట్టి ఉంది. ఆ గుడ్డ మీద మరకలు చూశాక నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఎప్పట్నుంచి?"

"నిన్న పొద్దుట్నుంచి ఒక్క చుక్క పోలేదు."

"నేననేది ఈ జబ్బు ఎప్పట్నుంచని."

"అదంతా తర్వాత. ముందిది చూడు. నా చెయ్యి అందడం లేదే. ఇన్నాళ్ళూ నేనే నెట్టుకున్నాను. ఇవాళ వాచిపోయింది."

చూశాను. పదహారేళ్ళలో ఎన్ని గొర్రెలకు చూశానో లెక్కలేదు. ఆ ఎరుపు, ఆ ఎండుదనం, అంచున ఆ పుండు, అన్నీ నాకు బాగా తెలిసినవే. మనిషికి చూడటం మాత్రం అదే మొదలు. కడుపు కింద పట్టి చూస్తే బండలా ఉంది.

"ఆసుపత్రికి వెళదాం అత్తయ్యా. నేను ముట్టుకోను, నాకు భయంగా ఉంది."

"వ్యాను లేదు. అంబులెన్సు వద్దు, ఊరంతా చూస్తుంది. వాడొచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. అందాకా ఆగితే ఏమవుతుందో నీకు తెలుసుగా." ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "గోళ్ళు తీసుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని రా. గొర్రెను ముట్టుకున్న చేతులు, మూడుసార్లు కడుక్కో. డాక్టరు పెట్టిన డబ్బాలో కొత్త తొడుగులున్నాయి. పొయ్యి మీద కాచిన నీళ్ళున్నాయి, పొద్దున్నే పెట్టాను."

పొద్దున్నే పెట్టుకున్నారు. అంటే తనంతట తానే చేసుకుందామని అన్నీ సిద్ధం చేసుకుని, చెయ్యి అందక అక్కడ పడి ఉన్నారు. అప్పటికీ నన్ను పిలవలేదు.

నేను మళ్ళీ వచ్చేసరికి ఆవిడ ఒక గుడ్డ నోట్లో పెట్టుకుని ఉన్నారు. దాన్ని తీసి, నాకు నేర్పిన మాటలే మళ్ళీ చెప్పారు, తన గురించి కానట్టు. "చక్కెర అద్దు. ఆగు. తొందరేం లేదు. ఇప్పుడు కింద చెయ్యి పెట్టి కొంచెం పైకెత్తు. కొంచెమే. వేళ్ళు వద్దు, అరచెయ్యి. నేను ముక్కుతున్నాను, ఆగు. ఇప్పుడు."

మడత విడిపోయింది. బేసిను నిండింది. ఇంకో గిన్నె తెచ్చి పెట్టాల్సి వచ్చింది. ఆ చప్పుడు వింటూ నేను ఏడుస్తున్నాను, ఆవిడా ఏడుస్తున్నారు. మామగారు పోయిన రోజున కూడా ఆవిడ కంటి తడి నేను చూడలేదు. అంతా లోపలికి పోయాక నా అరచెయ్యి అలాగే పెట్టి ఉంచమన్నారు. ఎంతసేపు పెట్టానో తెలియదు.

"నీ చేతులు పెద్దవే, అయినా పర్లేదు" అన్నారు చివరికి.

బయట కారు ఆగిన చప్పుడైంది. డాక్టరు రబ్బరు బూట్లతో, కూనిరాగంతో వచ్చి, "ఏదీ మొండి గొర్రె?" అన్నారు.

"గొర్రె తర్వాత. కారు వెనక్కి తిప్పండి, అత్తయ్యను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

ఆయన నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. అత్తగారిని వెనక సీట్లో పడుకోబెట్టి, నడుం కింద దిండు పెట్టి, నేను కింద ఇరుక్కుని కూర్చున్నాను. దారిలో ఏమైందని అడిగితే చెప్పాను. అత్తగారు వద్దని చెయ్యి పట్టుకున్నారు, అయినా చెప్పాను. ఇక దాచేదేముంది. ఆయన కారు వేగం తగ్గించకుండానే అద్దంలో వెనక్కి చూశారు.

"అమ్మా, మొన్న మీరడిగింది..."

"ఊఁ."

"నేను గొర్రె అనుకున్నానమ్మా."

"నేను గొర్రె అనే చెప్పాను. మీ తప్పేముంది" అన్నారు అత్తగారు. "మీరు గొర్రెల డాక్టరు. ఇంకెలా అడుగుతాను?" అన్నారు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆయన వాటా పిడికెడే. మిగిలిందంతా నాది.

ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మకు జుట్టు నెరిసింది, మాట మెత్తన. పరీక్ష చేసి, స్కానింగ్ తీయించి, మూత్రపిండాలు రెండూ ఉబ్బి ఉన్నాయన్నారు. ఇంకో రోజు ఆగి ఉంటే నేను మీతో ఇలా మాట్లాడేదాన్ని కాదు అన్నారు. పుండు మానాక ఆపరేషను చేద్దామన్నారు. గంట పని, నాలుగో రోజు ఇంటికి వెళ్ళొచ్చు. ముప్పై ఎనిమిదేళ్ళు మోసిన జబ్బుకు గంట పని.

"ఎప్పుడు మొదలైందమ్మా?"

"మొదటి కాన్పుకు. వాడు పెద్ద తలతో పుట్టాడు."

"ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

అత్తగారు నా వంక చూశారు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. "చెప్పాను" అన్నారు. "మా కోడలికి చెప్పాను. ఒకసారి కాదు, ఏటా చెప్పాను. అమ్మేయమంది."

పక్కనున్న నర్సు జ్వరంలో ఏదో అంటున్నారనుకుని నుదురు పట్టి చూసింది. నేను బయటికొచ్చేశాను.

నిజమే. ఏటా అడిగారు. జారినా మేత తింటుంది కదా, ఉంచితే ఏం అన్నారొక ఏడు. పని చేసే గొర్రె అయితే అన్నారింకో ఏడు, పని చేసే గొర్రె ఏంటత్తయ్యా, నాగలి కడతారా అని నవ్వాను. వయసైపోయినదైతే జాలిపడవా అన్నారు మరో ఏడు. దేనికీ నేను తడుముకోలేదు. ఎన్ని రకాలుగా అడిగినా ఒక్కటే జవాబు చెప్పాను. అందరి గొర్రెలనూ బాగుచేసిన మనిషి, తన కోసం నోరు తెరవడానికి గొర్రెను అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ గొర్రెను నేను ఏటా అమ్మేస్తూ వచ్చాను. వరండాలో గోడ వైపు తిరిగి నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, ఇంకో మాట లేదు.

మా ఆయన మధ్యాహ్నానికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒంటి నిండా దాణా పొడి. సంగతి విని, "అమ్మ నాకొక్క మాట కూడా చెప్పలేదు" అన్నాడు.

"నీకెలా చెబుతారు? నీ తలే కారణమట" అన్నాను. అని, ఆయన ముఖం చూసి, ఊరుకున్నాను. ఆ పెద్ద తల నా భుజం మీద పెట్టాడు.

పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. లోపల నిలబడడానికి డాక్టరమ్మ ఒక రింగు పెట్టారు. ఆ రింగును చూసి అత్తగారు, "ఇంత చిన్నదా? నేను మైళ్ళ కొద్దీ నవారు కట్టానే" అన్నారు. ఆపరేషను బాగా జరిగింది. ఇంటికొచ్చాక బరువెత్తొద్దన్నారు. కుర్చీలో కూర్చుని టీ తాగడం చూస్తే నాకు ఇంకా కొత్తగా ఉంటుంది. రెండు నెలల దాకా షెడ్డులోకి రావద్దంటే వినలేదు, కుర్చీ వేయించుకుని మధ్యలో కూర్చుని నన్ను తిట్టడం మొదలుపెట్టారు. నేను ఎదురు చెప్పలేదు. మా ఆయన అది చూసి నాకు ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడ్డాడు.

మొండిది బతికింది. డాక్టరు ఆ మర్నాడు వచ్చి చిరిగిన చోట కుట్లు వేశారు, డబ్బు పుచ్చుకోలేదు. దాని పిల్ల ఆడది, గట్టిది, తల్లిలాగే పిలిస్తే రాదు. పిల్లలు పాలు మానే రోజులొచ్చాయి. అమ్మకానికి లారీ వచ్చే పొద్దున నేను ఆకుపచ్చ రంగున్నవాటిని వేరు చేస్తున్నాను. ఈ ఏడు మూడే. రెండింటిని, వాటి ఆడపిల్లలను తోలాను. మొండిదాన్నీ దాని పిల్లనూ వెనక గదిలో పెట్టి గొళ్ళెం వేశాను.

అత్తగారు కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. "అదెందుకు అందులో పెట్టావు?"

"ఉండనీ అత్తయ్యా. అది ఉంటుంది."

"ఎందుకుంటుంది?"

నా మాట తడబడింది. నేనలా తడబడటం ఆవిడ ఎప్పుడూ చూసి ఉండరు. "మీరు దాచారుగా పోయిన ఏడు. ఎందుకు దాచారు?"

"చూద్దామని దాచాను. జారినదాన్ని కూడా నువ్వు ఒక్కదాన్నైనా ఉంచుతావేమో, చూసి నేను నోరు విప్పుదామని." ఆవిడ కుర్చీ చేతుల మీద ఆనుకుని లేచారు, మెల్లగా నడిచి వెనక గది గొళ్ళెం తీశారు. "ఆ చూడటం అయిపోయింది. దీన్ని తోలు."

"తోలను. నా వల్ల కాదు."

"పిచ్చిదానా, పై ఏడు దీనికి మళ్ళీ జారుతుంది. ఈసారి చస్తుంది. దీని కూతురూ అంతే. నువ్వు చదువుకున్నది తప్పేం కాదు, నియమం మంచిదే. దీన్నుంచితే నా మీద ప్రేమ చూపించినట్టనుకుంటున్నావా?"

నేను తల దించుకున్నాను.

"అది గొర్రె" అన్నారు ఆవిడ. "నేను మనిషిని. ఈ ఒక్క ముక్క నీ నోట వినకనే ముప్పై ఎనిమిదేళ్ళలో ఆఖరి ఎనిమిదేళ్ళు నేను నరకం చూశాను. దాన్ని తోలెయ్, తోలేసి ఆ ముక్క అను."

గేటు దగ్గర లారీవాడు హారన్ కొడుతున్నాడు. మొండిదాన్ని తోలితే కదల్లేదు, చెవి పట్టుకుని లాక్కెళ్ళాను. పిల్ల వెనకే వచ్చింది. లారీ తలుపు పడ్డాక నేను షెడ్డులోకి తిరిగొచ్చాను. ఆవిడ అక్కడే నిలబడి ఉన్నారు, ఖాళీ గది గొళ్ళెం మీద ఆ చిన్న చెయ్యి.

"అది గొర్రె అత్తయ్యా" అన్నాను. "మీరు మనిషి. మీరు నా మనిషి."

"ఊఁ" అన్నారు. "ఇంకోసారి అను."